పీవ్కా ఆరు వేలు, ఏఎఫ్‌పీ నార్మల్: నాన్న రిపోర్టు ఎలా చదవాలి?

బ్రాడీపేట కుర్రాడు | రాత్రి 9:12
నమస్తే అండి. మాది గుంటూరు. నాన్నకి అరవై దాటాయి. హెపటైటిస్ బి ఉంది, ఆ వైరస్ మందు టెనోఫోవిర్ రోజూ వేసుకుంటారు. పోయినేడు ఫైబ్రోస్కాన్ చేసి సిర్రోసిస్ (లివర్ గట్టిపడటం) మొదలైందన్నారు. అంతకు ముందే గుండెకి మైట్రల్ వాల్వ్ మార్చారు, మెటల్‌ది. అప్పటినుంచీ రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ మాత్ర మీద ఉన్నారు.

ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్, లివర్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష ఏఎఫ్‌పీ చేయిస్తున్నాం. ఈసారి ల్యాబ్ కౌంటర్‌లో అమ్మాయి "ప్యాకేజీ తీసుకుంటే ట్యూమర్ మార్కర్లన్నీ, అంటే రక్తంలో క్యాన్సర్ గుర్తులన్నీ, వస్తాయి సార్" అంటే సరే అన్నాను. ఏఎఫ్‌పీ 4.1 వచ్చింది, నార్మలే. పీవ్కా-2 మాత్రం 6,240. నలభై లోపు ఉండాలట. పక్కన ఎర్రగా పైకి బాణం గుర్తు. స్కానింగ్‌లో గడ్డలేమీ లేవు, లివర్ గరుకుగా ఉందని మాత్రం రాశారు.

మా డాక్టరు గారు సోమవారం గాని రారు. నెట్‌లో వెతికితే పీవ్కా పెరిగితే లివర్ క్యాన్సర్ అని వస్తోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అమ్మకి తెలిస్తే అన్నం ముట్టదు. పీవ్కా అంటే మార్పు చెందిన ప్రోటీన్ అని చదివాను. ప్రోటీన్ మారడమేంటి, దానికీ క్యాన్సర్‌కీ సంబంధమేంటి? తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

భవానీపురం పద్మ | రాత్రి 9:20
అయ్యో తమ్ముడూ. మా మేనమామకి కూడా ఇలాగే ఏదో మార్కర్ పెరిగిందన్నారు, మూడు నెలల్లో పోయారు. ఆలస్యం చెయ్యకుండా హైదరాబాద్ తీసుకెళ్ళిపోండి.

సూర్యారావుపేట డాక్టరు | రాత్రి 9:41
పద్మగారూ, అంత టెన్షన్ పెట్టకండి. నేను రిటైర్డ్ ఫిజీషియన్‌ని.

బాబూ, ముందు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ రిపోర్టు చూసి ఎసిట్రామ్ ఆపొద్దు, డోసు తగ్గించొద్దు. మెటల్ వాల్వ్ ఉన్న మనిషికి ఆ మాత్ర ఆగితే వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుంది, అది మెదడుకి పోతే పక్షవాతం. నీ భయం కంటే అది చాలా దగ్గర ప్రమాదం.

రెండోది. ఎసిట్రామ్ వాడేవాళ్ళకి పీవ్కా పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. వేలల్లోకి వెళ్ళడం మామూలే. మీ నాన్నగారు వేసుకునే మాత్ర పనే అది. ఎసిట్రామ్ సంగతి అడక్కుండా ఈ పరీక్ష అమ్మిన ల్యాబ్‌ని ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

బ్రాడీపేట కుర్రాడు | రాత్రి 9:46
సార్, మాత్ర వల్లే పెరిగిందని ఎలా చెప్తాం? క్యాన్సర్ లేదని అనుకోవచ్చా?

సూర్యారావుపేట డాక్టరు | రాత్రి 9:58
లేదని నేననలేదు. ఈ పరీక్ష ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు అంటున్నాను. మీ నాన్నగారి విషయంలో ఆ అంకెకి విలువ లేదు. ఏఎఫ్‌పీ నార్మల్ అని కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండలేం. లివర్ క్యాన్సర్ ఉండి కూడా ఏఎఫ్‌పీ పెరగనివాళ్ళు బోలెడుమంది. హెపటైటిస్ బి, సిర్రోసిస్ రెండూ ఉన్న మనిషి కాబట్టి ఎలాగూ అనుమానం వచ్చింది, మూడు దశల్లో తీసే ట్రైఫేజిక్ సీటీ స్కాన్ ఒకటి తీయించి తేల్చుకోవడం మేలు. ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించండి, కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు కదా. ప్రోటీన్ గొడవ నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

నాగార్జున జీవరసాయనం | రాత్రి 10:35
నన్నే అన్నట్టున్నారు డాక్టరుగారు. నేను నాగార్జునా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లివర్ కణాల్లో ప్రోటీన్ మార్పులే నా పని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

జన్యువులో ఉన్న రాత ప్రకారం కణం ప్రోటీన్‌ని అల్లుతుంది. అల్లగానే పని అయిపోదు. తర్వాత దానికి చిన్న చిన్న రసాయన ముక్కలు తగిలిస్తుంది, అవసరమైతే తీసేస్తుంది. ఫాస్ఫేట్ తగిలిస్తే ఫాస్ఫోరైలేషన్. చక్కెర గొలుసు తగిలిస్తే గ్లైకోసిలేషన్. అసిటైల్ ముక్క తగిలిస్తే అసిటైలేషన్. కొన్నిసార్లు తగిలించే ముక్క కూడా ఒక బుల్లి ప్రోటీనే, 76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్. ఇలాంటివి వందల రకాలున్నాయి. ప్రోటీన్ అదే, మోతాదు కూడా అదే, కానీ ఏ ముక్క ఎక్కడ తగిలింది అన్నదాన్ని బట్టి అది పనిచేస్తుందా, ఖాళీగా ఉంటుందా, కణంలో ఏ మూలకి వెళ్తుంది, ఎంతసేపు బతుకుతుంది అన్నది తేలుతుంది.

ఇక మీ పీవ్కా. రక్తం గడ్డకట్టడానికి ప్రోథ్రాంబిన్ కావాలి. తయారయ్యేది లివర్‌లోనే. దాని ఒక చివర పది గ్లుటమిక్ ఆమ్లాలుంటాయి. ఒక్కోదానికి అదనంగా ఒక కార్బాక్సిల్ ముక్క తగలాలి. అప్పుడే అది కాల్షియంని పట్టుకుని, ప్లేట్‌లెట్ల పొరకి అతుక్కుని పనిచేస్తుంది. ఆ ముక్క తగిలించే ఎంజైముకి విటమిన్ కె ఉండాలి. ఒకసారి వాడిన విటమిన్ కె ని మళ్ళీ పనికొచ్చేలా తిప్పే ఇంకో ఎంజైము ఉంది. ఎసిట్రామ్, వార్ఫరిన్ దాన్నే అడ్డుకుంటాయి. దాంతో ముక్కలు సరిగా తగలని ప్రోథ్రాంబిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. పీవ్కా-2 అంటే ఆ అసంపూర్తి ప్రోథ్రాంబినే. మీ నాన్నగారికి వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడుతున్నదీ, ల్యాబ్ కాగితం మీద ఎర్ర బాణం వేయించిందీ ఒకే సంగతి.

లివర్ క్యాన్సర్ కణాల్లో విటమిన్ కె ని అడ్డుకునే మందులు వాడకపోయినా ఈ తగిలింపు దెబ్బతింటుంది. 1984లో ఆ రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు, అప్పట్నుంచి మార్కర్‌గా వాడుతున్నారు. కాబట్టి పరీక్ష మంచిదే. ఎసిట్రామ్ వాడేవాళ్ళకీ, పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్ళకీ, చాలాకాలం యాంటీబయాటిక్స్ మీద ఉన్నవాళ్ళకీ మాత్రం అది అక్కరకు రాదు. మందు వల్ల వచ్చే అసంపూర్తికీ, క్యాన్సర్ వల్ల వచ్చే అసంపూర్తికీ మధ్య తేడా పట్టుకునే పరీక్ష జపాన్‌లో తయారుచేశారు.

భవానీపురం పద్మ | రాత్రి 10:50
ఇంత వివరం మా మేనమామ టైములో ఎవరూ చెప్పలేదమ్మా. అయితే ఏఎఫ్‌పీ కూడా మార్పు చెందిన ప్రోటీనేనా?

నాగార్జున జీవరసాయనం | రాత్రి 11:04
ఏఎఫ్‌పీ కడుపులో బిడ్డ లివర్ చేసే ప్రోటీన్. పెద్దయ్యాక దాదాపు ఆగిపోతుంది. క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది, హెపటైటిస్ ఎగదన్నినప్పుడూ పెరుగుతుంది, అదే చిక్కు. అందుకని దాని చక్కెర గొలుసు చూస్తారు. క్యాన్సర్ కణాల నుంచి వచ్చిన ఏఎఫ్‌పీలో ఆ గొలుసు మొదట్లోనే ఫ్యూకోజ్ అనే చక్కెర ఒకటి అదనంగా తగిలి ఉంటుంది. దాన్ని ఏఎఫ్‌పీ-ఎల్3 అంటారు. మొత్తం ఏఎఫ్‌పీలో అది పది శాతం దాటితే అనుమానిస్తారు.

ఆ ఫ్యూకోజ్‌ని పట్టుకోవడానికి వాడింది మసూర్ పప్పు గింజలోంచి తీసిన ఒక ప్రోటీన్! ఆ ఎల్ అక్షరం అక్కడిదే. నాకు ఈ సంగతి తెలిసిన రోజు హాస్టల్ పప్పు మీద గౌరవం పెరిగింది.

పటమట ఫార్మా | ఉదయం 6:40
బాగుంది. కానీ ఇదంతా మార్కర్ల కథ. అంటే క్యాన్సర్ వచ్చాక కనిపించే గుర్తులు. థ్రెడ్ పెట్టినతను అడిగింది ఇంకోటి కదా, ఈ మార్పుల వల్ల క్యాన్సర్ వస్తుందా అని.

నాగార్జున జీవరసాయనం | ఉదయం 8:15
అసలు ప్రశ్న అదే. ఒక ఉదాహరణ గట్టిగా పట్టుకుందాం, బీటా-కెటెనిన్.

ఇది కణానికి "పెరుగు, విభజించుకో" అని చెప్పే ప్రోటీన్లలో ఒకటి. ఊరికే తిరగనిస్తే ప్రమాదం. అందుకని అవసరం లేనప్పుడు కణం దాన్ని తయారుచేసిన కాసేపటికే నాశనం చేస్తుంది. ముందు ఒక ఎంజైము 45వ స్థానంలోని సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. తర్వాత ఇంకో ఎంజైము 41, 37, 33 స్థానాల్లో తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేట్లు చూసి మూడో బృందం వచ్చి యుబిక్విటిన్ గొలుసు కడుతుంది. ఆ గొలుసు ఉన్న ప్రోటీన్‌ని ప్రోటియాసోమ్ అనే కణ యంత్రం ముక్కలు చేసేస్తుంది. బెజవాడలో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేయాల్సిన గోడల మీద ఎర్ర రంగుతో గుర్తేసి వెళ్తారు చూడండి, తర్వాత వచ్చే జేసీబీ ఆ గుర్తున్న గోడే కొడుతుంది. అలాగన్నమాట.

లివర్ క్యాన్సర్లలో ఇంచుమించు మూడోవంతు వాటిలో బీటా-కెటెనిన్ జన్యువులో మ్యుటేషన్, అంటే రాతలో మార్పు, ఉంటుంది. అది ఎక్కడ పడుతుందో చూడండి. చాలావాటిలో సరిగ్గా ఆ 33, 37, 41, 45 స్థానాల్లో గానీ వాటి పక్కన గానీ. అక్కడ అమైనో ఆమ్లం మారిపోతే ఫాస్ఫేట్ తగలడానికి చోటు ఉండదు. ఫాస్ఫేట్ లేదు కాబట్టి యుబిక్విటిన్ లేదు, యుబిక్విటిన్ లేదు కాబట్టి నాశనం లేదు. ప్రోటీన్ కణంలో పోగుపడి, కేంద్రకంలోకి వెళ్ళి పెరుగుదల జన్యువులని ఆన్ చేసి కూర్చుంటుంది. మార్పు జరగకపోవడమే ఇక్కడ రోగానికి కారణం.

రెండో ఉదాహరణ దీనికి తలకిందులు, మీ నాన్నగారి జబ్బుకి దగ్గరది. హెపటైటిస్ బి వైరస్‌కి ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ ఉంది. మన కణంలో ఎస్ఎంసీ-5, ఎస్ఎంసీ-6 అనే ప్రోటీన్లున్న జట్టు ఉంటుంది. అది డీఎన్‌ఏని కాపాడుతుంది, వైరస్ డీఎన్‌ఏని నోరెత్తకుండా కూడా ఉంచుతుంది. వైరస్ ఎక్స్ ప్రోటీన్ మన కణంలోనే యుబిక్విటిన్ తగిలించే యంత్రాంగాన్ని చేజిక్కించుకుని, ఆ జట్టుకి నాశనం గుర్తు వేయిస్తుంది. 2016లో ఇది బయటపడింది. వైరస్ బాగుపడుతుంది, మన డీఎన్‌ఏకి కాపలా తగ్గుతుంది.

ఒకచోట పోవాల్సింది పోలేదు, ఇంకోచోట ఉండాల్సింది పోయింది. నన్నడిగితే లివర్ క్యాన్సర్‌లో "ఏ ప్రోటీన్ ఎంత ఉంది" అని మాత్రమే లెక్కపెట్టే పరిశోధన సగం కథే చెబుతుంది. మా ల్యాబ్‌లో కూడా దీని మీద గొడవపడుతుంటాం.

బ్రాడీపేట కుర్రాడు | ఉదయం 8:50
ఇది రెండుసార్లు చదివాను. అయితే టెనోఫోవిర్ వాడుతుంటే ఆ ఎక్స్ ప్రోటీన్ ఆగిపోతుందా?

నాగార్జున జీవరసాయనం | ఉదయం 9:02
పూర్తిగా కాదు. టెనోఫోవిర్ వైరస్ కొత్త డీఎన్‌ఏ కాపీలు చెయ్యకుండా ఆపుతుంది. కణ కేంద్రకంలో గుండ్రంగా చుట్టుకుని దాక్కున్న పాత వైరస్ డీఎన్‌ఏ అలాగే ఉంటుంది, దాని నుంచి ఎక్స్ ప్రోటీన్ వస్తూనే ఉండొచ్చు. అయినా మందు వల్ల క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. ఆరు నెలల స్కానింగ్ మానకూడదనేది అందుకే.

పసరు వైద్యం అభిమాని | ఉదయం 9:30
ఇన్ని ఎంజైములు ఎందుకండీ, నేల ఉసిరి పసరు మూడు వారాలు పరగడుపున తాగిస్తే వైరస్సే పోతుంది. మా తాత చేసిన వైద్యం. సైన్సు కూడా ఒప్పుకుంది.

సూర్యారావుపేట డాక్టరు | ఉదయం 10:10
ఒప్పుకోలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరితో హెపటైటిస్ బి పోతోందని లాన్సెట్‌లో రాసిన మాట నిజం. ఆ తర్వాత వేరేవాళ్ళు చేసిన ట్రయల్స్‌లో అది నిలబడలేదు. పైగా ఇక్కడున్నది ఎసిట్రామ్ వాడే మనిషి. ఏ పసరుతో ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టే వేగం లెక్క, ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. బాబూ, ఇది మాత్రం వినకు.

మిర్చియార్డు మనిషి | ఉదయం 11:25
మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. యూరప్‌కి పోయే సరుక్కి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్ష తప్పదు. బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 దాటితే సరుకు వెనక్కే. కల్లంలో ఆరబెట్టినప్పుడు వాన పడిందా, తేమతోనే టిక్కీలకి ఎత్తారా, ఇక బూజు ఖాయం. కాయ బయటికి ఎర్రగా నిగనిగలాడుతుంటుంది, చీల్చి చూస్తే లోపల గింజల చుట్టూ బూడిద రంగు. ఇది తింటే లివర్ క్యాన్సర్ అంటారు. ఇది కూడా ప్రోటీన్ మార్పేనా?

నాగార్జున జీవరసాయనం | మధ్యాహ్నం 12:40
మంచి ప్రశ్న అన్నా. ప్రధానంగా అది డీఎన్‌ఏ మీద దెబ్బ. లివర్ ఎంజైములే అఫ్లాటాక్సిన్ బి1ని ఘాటైన రూపంలోకి మార్చేస్తాయి, అది డీఎన్‌ఏకి అతుక్కుంటుంది. పీ53 అనే కాపలా జన్యువులో 249వ స్థానం దగ్గర పడే మ్యుటేషన్ దీని ముద్రగా పేరుపడింది. హెపటైటిస్ బి కూడా తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది.

మీరన్న ప్రోటీన్ మార్పు కూడా ఉంది. అదే విషం రక్తంలోని ఆల్బుమిన్‌కి, అందులో లైసీన్ దగ్గర, అతుక్కుంటుంది. ఇది ఎంజైము చేసిన పని కాదు, దానంతటదే జరిగే రసాయన చర్య. ఆల్బుమిన్ వారాల తరబడి రక్తంలో ఉంటుంది కాబట్టి దాన్ని కొలిస్తే గత రెండు మూడు నెలల్లో ఆ మనిషి ఎంత అఫ్లాటాక్సిన్ తిన్నాడో లెక్క కట్టొచ్చు. ఎగుమతికి పనికిరాదని వెనక్కి తిప్పిన కాయ ఎటు పోతుందన్నది మీకే బాగా తెలుసు.

మిర్చియార్డు మనిషి | మధ్యాహ్నం 12:55
తెలుసు. అందుకే మా ఇంట్లో కారం కాయ కొని, తొడిమ తీసి, మిల్లు దగ్గర నిలబడి పట్టించుకుంటాం. పొడి కొనం.

అరండల్‌పేట షుగర్ | మధ్యాహ్నం 2:05
మూడు నెలల లెక్క అంటే నాకు షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ గుర్తొచ్చింది. షుగర్‌తో ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకి కూడా క్యాన్సర్ వస్తుందంటున్నారు, తాగుడు అలవాటు లేకపోయినా. నిజమేనా?

నాగార్జున జీవరసాయనం | మధ్యాహ్నం 3:30
నిజమే. హెచ్‌బీఏ1సీ కూడా ప్రోటీన్ మార్పే, హిమోగ్లోబిన్‌కి గ్లూకోజ్ దానంతటది అతుక్కోవడం. లివర్ కణం లోపల జరిగేది వేరు. గ్లూకోజ్‌లో కొద్ది భాగం ఒక పక్కదారిన పోయి ఒక రకం చక్కెర ముక్కగా తయారవుతుంది. ఒక ఎంజైము దాన్ని ప్రోటీన్లకి తగిలిస్తుంది, ఇంకోటి తీస్తుంది. దీన్ని ఓ-గ్లిక్‌నాక్ మార్పు అంటారు. చాలాసార్లు అది ఫాస్ఫేట్ తగలాల్సిన చోటే కూర్చుంటుంది. ఒంట్లో షుగర్ ఎప్పుడూ ఎక్కువుంటే ఈ తగిలింపులు ఎక్కువవుతాయి, వాటిలో పెరుగుదలని ప్రోత్సహించే ప్రోటీన్లూ ఉన్నాయి. ఇందులో చాలావరకు ఎలుకల్లో, కణాల్లో చూసినవే. మనుషుల్లో లెక్కగట్టి తెలిసింది మాత్రం షుగర్ ఉన్నవాళ్ళకి లివర్ క్యాన్సర్ ముప్పు ఇంచుమించు రెట్టింపు అని.

పటమట ఫార్మా | సాయంత్రం 5:15
మందుల సంగతి నేను చెప్తాను. ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములని కైనేజులంటారు, మనిషిలో ఐదొందలకు పైగా ఉన్నాయి. ముదిరిన లివర్ క్యాన్సర్‌కి ఆయుష్షు పెంచుతుందని తేలిన మొదటి మాత్ర సొరాఫెనిబ్, 2007లో అనుమతి వచ్చింది. అది కైనేజులని అడ్డుకునే మందే. పెంచింది ఎంతా అంటే, ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు 7.9 నెలల నుంచి 10.7 నెలలకి. అంతే. ఆ మాత్రానికే అప్పట్లో పండగ.

అప్పట్లో ధర నెలకి 2,80,000 రూపాయలు ఉండేది. 2012 మార్చిలో మన పేటెంట్ ఆఫీసు దేశంలో మొదటిసారి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ కంపెనీ ఒప్పుకోకపోయినా వేరేవాళ్ళు ఆ మందు చేసుకునే అనుమతి) ఇచ్చింది, హైదరాబాద్ నాట్కోకి. వాళ్ళు 8,800కి అమ్మారు. ఆ కంపెనీ పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారిది మన గుంటూరు జిల్లానే, గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో క్యాన్సర్ సెంటర్ కట్టించింది కూడా నాట్కో ట్రస్టే.

యుబిక్విటిన్ వైపు మాత్రం ఇంకా అదృష్టం కలిసిరాలేదు. ఆ గుర్తుతో ప్రోటీన్లు నాశనమయ్యే తీరు కనిపెట్టినవాళ్ళకి 2004లో నోబెల్ వచ్చింది. ప్రోటియాసోమ్‌ని ఆపే బోర్టెజోమిబ్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో అద్భుతంగా పనిచేసింది, లివర్ క్యాన్సర్‌లో ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. అన్ని గుర్తుల నాశనాన్నీ ఒకేసారి ఆపేస్తే మంచి కణాలకీ దెబ్బే కదా. 2020 నుంచి ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్ల జోడీ సొరాఫెనిబ్‌ని వెనక్కి నెట్టింది.

బ్రాడీపేట కుర్రాడు | బుధవారం, రాత్రి 8:30
అందరికీ అప్‌డేట్. సోమవారం డాక్టరు గారిని కలిశాం. పీవ్కా కాగితం చూసి "ఎసిట్రామ్ మీద ఉంటే ఇది ఎవరు చేయించమన్నారు?" అని పక్కన పెట్టేశారు. క్రియాటినిన్ బాగానే ఉంది, నిన్న సీటీ తీశారు. లివర్ మామూలుగా ఎక్కువ రక్తం పోర్టల్ సిర నుంచి తీసుకుంటుందట, క్యాన్సర్ గడ్డ ధమని నుంచి తీసుకుంటుందట. అందుకే కాంట్రాస్ట్ ఎక్కించిన వెంటనే మెరిసి, తర్వాత దశలో వెలిసిపోయే మచ్చ కోసం చూస్తారని స్క్రీన్ మీద చూపించారు. అలాంటిదేమీ లేదు. ప్లీహం కొంచెం పెరిగింది, అది సిర్రోసిస్ వల్లట. స్కానింగ్, ఏఎఫ్‌పీ ఆరు నెలలకోసారి యథావిధిగా. పీవ్కా మళ్ళీ చేయించొద్దన్నారు.

అమ్మకి ఇప్పుడు చెప్పాను. మొత్తం విని "విటమిన్ కె తక్కువైతే గోంగూర పెట్టొచ్చుగా మరి" అంటోంది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఎసిట్రామ్‌కి అడ్డమని వాల్వ్ వేసినప్పటి నుంచీ నాన్నకి గోంగూర బంద్, ఆవిడకి అదో బెంగ.

సూర్యారావుపేట డాక్టరు | బుధవారం, రాత్రి 8:52
సంతోషం. గోంగూర పూర్తిగా బంద్ చెయ్యమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు గిన్నెడు తిని నెలంతా మానేస్తేనే ఐఎన్ఆర్ ఎగుడుదిగుడవుతుంది. వారం వారం ఒకే మోతాదులో కొంచెం పెట్టుకోవచ్చు, మొదలుపెట్టాక ఒకసారి ఐఎన్ఆర్ చూపించి, మీ గుండె డాక్టరుకి చెప్పి.

నీ సంగతి చెప్పు. నువ్వూ మీ అమ్మగారూ హెపటైటిస్ బి పరీక్ష హెచ్‌బీఎస్‌ఏజీ చేయించుకున్నారా? తోబుట్టువులున్నారా?

బ్రాడీపేట కుర్రాడు | బుధవారం, రాత్రి 8:59
అమ్మకి అప్పుడెప్పుడో చేశారు, నెగటివ్. నాకూ చెల్లికీ ఎవరూ చెప్పలేదు సార్. నేను పుట్టింది 1994లో.

సూర్యారావుపేట డాక్టరు | బుధవారం, రాత్రి 9:10
మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా, హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్‌ది, వచ్చిందే 1997లో. దేశమంతటా పిల్లల టీకాల్లో చేరింది 2011లో. నీకు పడి ఉండదు. ఇద్దరూ హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు కోర్ యాంటీబాడీ, సర్ఫేస్ యాంటీబాడీ చేయించండి. అమ్మగారికి కూడా ఇంకోసారి. నెగటివ్ వస్తే ముగ్గురికీ మూడు డోసుల టీకా. 2018 నుంచి జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితం, ప్యాకేజీలేం కొననక్కర్లేదు.

బ్రాడీపేట కుర్రాడు | బుధవారం, రాత్రి 9:14
చెల్లి విజయవాడలో ఉద్యోగం చేస్తోంది, శనివారం వస్తుంది. ముగ్గురం కలిసి జీజీహెచ్‌కి వెళ్తాం సార్.